తడిబట్టలతో చెప్పించిన మాట

తలుపు మూసుకుంది. మూసుకునేలోపు భాను ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమోనని వరదమ్మ మెడ చాచింది గానీ వాడు తిరగలేదు, తిరగడని తెలుసు, తెలిసినా మెడ సాగింది, ఈ మెడ ఎన్నిసార్లు ఇట్లా సాగిందో ఈ డెబ్బై ఏళ్ళలో, రైళ్ళ వెనక, బస్సుల వెనక, ఆయన్ను మోసుకుపోతున్నవాళ్ళ వెనక. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో నీళ్ళసీసా, వాడి పాత చీటీలు, వాడు ముట్టని ఇడ్లీల డబ్బా. గోడ గడియారంలో పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. ఒంటిగంటకు ఓపీ మూసేస్తారు. ఈ గంటలోనే వాడు నోరు విప్పాలి. ఇది మూడో గురువారం. మొదటి గురువారం డాక్టరమ్మ వాణ్ణి పేరడిగితే భానుచందర్ అన్నాడు, వయసడిగితే పందొమ్మిది అన్నాడు, అంతే. రెండో గురువారం అదీ లేదు, గంటసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడట. డాక్టరమ్మ, రమామణి అని తలుపు మీద రాసుంది, మంచి మనిషే, విసుక్కోలేదు. "లోపలేముందో చెప్తే కదమ్మా నేనేమైనా చేయగలిగేది. మళ్ళీ ఆ ఆలోచన వస్తోందా లేదా, అదన్నా తెలియాలి నాకు. ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా? దేనికైనా భయపడుతున్నాడా?" అని అడిగింది. వరదమ్మ లేదని తల ఊపింది. అప్పుడు నిజంగానే తెలియదు. ఇప్పుడు తెలుసు.

నాలుగు రోజులుగా తెలుసు. ఆదివారం మధ్యాహ్నం తను చేటలో బియ్యం ఏరుతుంటే కోడలు మోహన వాడి పక్కన కూలబడి, "ఏంది నాయనా నీ మనసులో, నాకన్నా సెప్పరా" అని గడ్డం పట్టుకుంది. వాడి పెదవులు కదిలాయి. కదిలి, వెంటనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, దగ్గొస్తే చిన్నపిల్లలు పెట్టుకున్నట్టు. అప్పుడు కనబడింది ఆమెకు, చేటలో రాయి కనబడినట్టు. వాడు మాట్లాడలేక కాదు. మాట్లాడనని మేమే చెప్పించాం. అప్పట్నుంచి ఒక మాట కూడదీసుకుంటోంది, ఈ పొద్దు బస్సులో వాడి చెవిన వేద్దామని. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు గనక, మోహన కుట్టుమిషను వదిలి రాలేదు గనక, కొడుకు మునిప్రసాద్‌కు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సీజను గనక, వాడి తోడు వచ్చేది అవ్వే. చిత్తూరు నుంచి తిరుపతికి రెండు గంటలు. ఊరు దాటినాక చెప్తాననుకుంది. కాణిపాకం ఆర్చి వచ్చింది, బస్సులో అందరూ స్వామివైపు తిరిగి లెంపలు వేసుకున్నారు, కండక్టరు కూడా, ఆమె చెయ్యి కూడా అలవాటుగా లేచింది, భాను మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. ఇంక ఎట్లా చెప్తుంది. పూతలపట్టు దాటినాక అనుకుంది. చంద్రగిరిలో అనుకుంది. కోట కనబడింది, కోట పోయింది, వాడి భుజం తన భుజానికి తగులుతూనే ఉంది, వేడిగా, బతికి ఉన్న పిల్లవాడి భుజం. బస్టాండులో దిగినాక అనుకుంది. ఆటోలో ముగ్గురు గుండ్లవాళ్ళు, తలల మీద గంధం, నవ్వుకుంటూ. తలుపు మూసుకుంది.

ఎదురుగోడ మీద రెండు కాగితాలు. ఒకటి పాతది, చెక్క చట్రంలో: నిశ్శబ్దం పాటించండి. పక్కనే కొత్తది, రంగుల్లో, చెంపకు చెయ్యి పెట్టుకున్న పిల్లవాడి బొమ్మతో: మీ మనసులోని మాట చెప్పండి, మేం వింటాం. రెండూ చదివింది, మళ్ళీ చదివింది. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేదు ఆమె, బెల్లం చుట్టిన కాగితమైనా సరే, లారీ వెనక రాతైనా సరే. బడికి పోయిన మనిషి కాదు. తమ్ముడు మునస్వామి పదో తరగతి తప్పి, పదిహేడేళ్ళప్పుడు, ఒక తెల్లారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతే వాడి పుస్తకాలు అటక మీద మిగిలాయి. పాలు కాగేలోపు నాలుగు అక్షరాలు, బిడ్డ నిద్రపోయేలోపు నాలుగు, వాటితో తనే నేర్చుకుంది, వాడి ఉత్తరం వస్తే ఇంకొకరి చేత చదివించుకోకూడదని. పుస్తకాలు అయిపోయాయి. ఆపైన ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో ఏ పుస్తకముంటే అది చదివింది, ఉత్తరం మాత్రం రాలేదు. గూడూరు స్టేషన్లో నిమ్మకాయల బస్తాలెత్తే మనిషొకడు వాణ్ణి చూశానన్నాడు, ప్లాట్‌ఫాం చివర చొక్కా లేకుండా కూర్చున్నాడు, టీ తాగమంటే వద్దన్నాడు, అంతే. వెళ్ళే ముందురోజు మజ్జిగ పోస్తుంటే "అక్కా, నాకు" అని ఏదో మొదలుపెట్టాడు. నాయన బయట అరుగు మీద ఉన్నాడు. "గమ్మునుండు, నాయన వింటాడు" అంది తను. నాకు... ఏమిటి? యాభై రెండేళ్ళుగా ఆ మాట పక్కన ఎన్ని మాటలు చేర్చి చూసిందో. నాకు ఆకలిగా ఉండాది. నాకు బయమేస్తాంది. నాకు బతకాలని ల్యా. ఏది చేర్చినా సరిపోతుంది, అదే ఆమె బాధ.

"ఎవురికమ్మా బాగల్యా?"

పక్కనామె. నలభై దాటి ఉంటాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు, ఆమె భుజం మీద తల వాల్చి చున్నీ కప్పుకున్న కూతురు. వరదమ్మ "మనవడికి. నిద్ర పట్టల్యా" అంది. "మా పాపకి తలనొప్పిలే" అంది ఆమె. ఈ బెంచీల మీద అందరికీ అంతే, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, తలుపుల మీద ఏం రాసుందో అందరికీ తెలుసు, తెలిసీ ఒకరి అబద్ధం ఒకరు మర్యాదగా అందుకుంటారు, పెళ్ళిలో తాంబూలం అందుకున్నట్టు. యాడ్నించి వచ్చినారని అడిగితే "గూడూరు, తెల్లారి రైలుకి" అంది ఆమె. గూడూరు. వరదమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది, ప్లాట్‌ఫాం చివర ఇప్పటికీ ఎవరో కూర్చుని ఉన్నట్టు, ఈమె ఈ తెల్లారి అతని ముందునుంచే నడిచి రైలెక్కినట్టు. అడగబోయింది. ఏమని అడుగుతుంది, ఈమె పుట్టకముందు సంగతి. అడగబోయిన నోట్లోంచి వేరే మాట జారింది. "నిద్ర కాదుమ్మా. నా మనవడు సచ్చిపోవాలనుకున్నాడు."

నాలుగు నెలల్లో మొదటిసారి. అనేసి సంచి గట్టిగా పట్టుకుంది, ఈమె లేచి అవతలి బెంచీకి పోతుందని. ఆమె లేవలేదు. కూతురి చున్నీ సర్దింది.

"మాది కూడా" అంది. "రెండు మార్లు."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఎవరో చీపురుతో ఫినాయిలు నీళ్ళు తోసుకుంటూ పోయారు, ఇద్దరూ ఒకేసారి కాళ్ళు పైకెత్తారు, ఒకేసారి దించారు.

"మీ ఈదిలో తెల్సా అక్కా?"

"తెల్సు. అందురూ మంచోళ్ళే."

"మా ఈదిలో తెలవదు. తెలిస్తే పెండ్లి కాదంటాడు వాళ్ళ నాయన. కడుపునొప్పికి మంచి డాక్టరుండాడని సెప్పి తీసుకొచ్చినా. పొయినసారి కండ్లకని సెప్పినా. ఇంక సెప్పేదానికి వొంట్లో జాగా ల్యా."

"మరి నీకెవురుండారు మే?"

"ఈ బెంచీ ఉండాది గదా" అని ఆమె నవ్వింది, నిజంగానే నవ్వింది, వరదమ్మకూ నవ్వొచ్చింది. చీటీ పట్టుకున్న మనిషి "పవిత్రా! ఎవురమ్మా పవిత్ర, పదునాలుగో రూము!" అని అరిచాడు. ఆమె కూతుర్ని లేపి, కవరు తీసుకుని, చెప్పు ఒకటి బెంచీ కింద చిక్కితే కాలితో లాక్కుని వెళ్ళిపోయింది. పేరన్నా అడగలేదు. బెంచీ మీద ఆమె కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూసింది వరదమ్మ, ఇంకా వెచ్చగా ఉంది, కాసేపటికి లేదు.

అందరూ మంచోళ్ళే. శివరాత్రి దాటిన వారానికి, ఆ పూట, మోహన సమయానికి చూసి కేకపెట్టినప్పుడు పరిగెత్తుకొచ్చింది వీధే. ఎరువుల అంగడి బాలసుబ్రమణ్యం, ఐరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, భోంచేస్తున్న చెయ్యి కడగకుండా కారు తీశాడు. ఆస్పత్రి నుంచి తెచ్చాక పది రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు, ఒకరు చింతపండు పులుసు, ఒకరు రాగిసంగటి, గిన్నెలు ఎవరివేవో తెలియక మోహన మూతల మీద దారాలు కట్టింది. మునిప్రసాద్ వాడి గది తలుపు లోపలి గడియ ఊడదీస్తుంటే పక్కింటాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాళ్ళూ వాడికి ఏదో ఒకటి చెప్పారు. డాక్టరు సీటు రాకపోతే ఏమిరా, మా అంగట్లో కూసో. మీయమ్మ మొగం సూడరా ఒకసారి. మా కాలంలో నాయన తోలు వొలిచేవాడు, మేం సచ్చిపోయినామా. మోహనకు వేరే చెప్పారు, వంటింట్లో, గొంతు తగ్గించి: నువ్వు ముద్దు జేసి జేసి చెరిపినావు, ఫోను కొనిచ్చింది ఎవురు, తిరుపతి హాస్టల్లో ఏస్తే సరిపోయిందా, పోయి సూడొద్దా. మోహన వాళ్ళ జాకెట్లకే హుక్కులు కుడుతూ ఊఁ కొట్టింది. ఆమెను ఎవరూ నువ్వు తిన్నావా అనలేదు. వాణ్ణి ఎవరూ ఏమైందిరా అనలేదు. చెప్పడానికి అందరూ వచ్చారు, అడగడానికి ఒక్కరూ రాలేదు. తనూ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

పన్నెండూ ఇరవై. తలుపు వెనక ఏ చప్పుడూ లేదు. డాక్టరమ్మ గొంతు ఒకసారి వినబడింది, ప్రశ్నలాగా పైకి లేచి, కింద పడకుండా గాల్లోనే ఆగిపోయింది. చెప్పరా నాయనా. ఏదో ఒకటి చెప్పరా. స్వామీ వాడి చేత చెప్పించు. ఏ నోటితో అడుగుతుంది స్వామిని, ఏ స్వామి ముందు వద్దని చెప్పించిందో ఆ స్వామిని. వాడి చేత ఒట్టు పెట్టించాలన్న ఆలోచన ఎవరిది? బాలసుబ్రమణ్యం అందరికీ తనదేనని చెప్పుకుంటాడు, చెప్పుకోనీ, వరదమ్మదే. ఆయన, తన మొగుడు, బెల్లం మండీ రోజుల్లో సారాకు ఇల్లు ఊడ్చిపెడుతుంటే కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయిస్తే చచ్చేదాకా మళ్ళీ ముట్టలేదు. అందుకని పదకొండో రోజు తనే అంది, బాలసుబ్రమణ్యం తొడ చరిచి "అద్దీ మాట వరదక్కా! స్వామి కాడ సెప్పిస్తే సచ్చినా తప్పడు" అన్నాడు, అన్నాక నాలిక కరుచుకున్నాడు. సారా మానినట్టు ఇది మానేదని ఎట్లా అనుకుంది తను? సారా సీసాలో ఉంటుంది, అంగట్లో ఉంటుంది, అటువైపు పోకుండా ఉండొచ్చు. ఇది యాడ ఉండాదో ఎవరికి తెలుసు.

రెండు కార్లలో పోయారు. పదిమంది. దారిలో చెరుకు రసం తాగారు. వాడికి స్నానం చేయించి, తడిబట్టలతోనే నిలబెట్టారు, పొద్దున్నే గాలికి వాడి దవడ కొట్టుకుంటోంది. దర్శనం అయింది, హారతి అయింది, అర్చకుడు తన పని తను చూసుకుని వెళ్ళాడు, ఆయనకేం తెలుసు, ఇదంతా పక్కకు వచ్చాక వీళ్ళంతట వీళ్ళు చేసుకున్నది. మాటలు బాలసుబ్రమణ్యం కట్టాడు, ముక్కముక్కగా విరిచి అందించాడు. చచ్చే మాట. చచ్చే మాట, అన్నాడు భాను. ఇంక మనసులో తలవను. ఇంక మనసులో తలవను. నోట పలకను. నోట పలకను. ఎంత బాగా కట్టాడనుకుంది తను అప్పుడు, మనసూ నోరూ రెండూ వచ్చాయి, సందు లేదు. అప్పుడే ఎవరో, ఊరికే నోటి మాట గాలికి పోతుంది, ఎవురి మిందన్నా చెయ్యి పెట్టాల అన్నారు. ఎవరో కాదు. తనే. తనే మునిప్రసాద్ మెడ పట్టి వంచింది, నలభై ఎనిమిదేళ్ళ కొడుకు ఫ్యాక్టరీ వాసన వేసే చొక్కాతో బడిపిల్లవాడిలా వంగాడు, తనే భాను తడిచెయ్యి తీసి ఆ తల మీద పెట్టింది, వేళ్ళు జుట్టులోకి పోయేదాకా అదిమింది. తప్పితే మా నాయన నాకు దక్కడు. వాడు అనలేదు. బాలసుబ్రమణ్యం మళ్ళీ అందించాడు. వాడు అనలేదు. "అనరా, నీళ్ళు కారతా ఉండాయి, జలుబు చేస్తాది" అంది తను. అన్నాడు.

తిరిగొస్తూ హోటల్లో టిఫిను చేశారు, పది రోజుల తర్వాత మొదటిసారి అందరూ నవ్వారు, మునిప్రసాద్ కూడా, తల ఇంకా తడిగానే ఉంది. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పేముంది, స్వామికి అప్పజెప్పేశాం కదా. ఎదురుపడితే "ఇంకేం బయం ల్యా వరదక్కా" అనేవాళ్ళు. దారాలు విప్పి గిన్నెలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది మోహన. ప్రమాణం వాడికి కట్టలేదు, తమకు కట్టుకున్నారు, హాయిగా నిద్రపోవడానికి. ఒక్కటి మాత్రం ఉంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని నాలుగు నెలలు ఈదింది ఇల్లు. రోజంతా గదిలో గోడకు తిరిగి పడుకునే పిల్లవాడు సాయంత్రం ఆరు కాకముందే లేచి వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఫ్యాక్టరీ నుంచి మునిప్రసాద్ బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడతాడు. వాన వచ్చినా కదలడు. బండి కనబడగానే లోపలికి పోయి మళ్ళీ పడుకుంటాడు, ఒక్క మాట కూడా లేకుండా. "సూసినావా, నాయన మింద పాణం మళ్ళింది వానికి" అని బాలసుబ్రమణ్యం అంగట్లోంచి వేలు పెట్టి చూపిస్తాడు వచ్చినవాళ్ళకు. మునిప్రసాద్ కొత్తగా తల దువ్వుకుని ఫ్యాక్టరీ నుంచి బయల్దేరుతున్నాడు. దారిలో ఎక్కడా ఆగడు, టీకి కూడా. నాయన కోసం గేటు దగ్గర నిలబడే బిడ్డ ఎక్కడికి పోతాడు అనుకుంది తను, నిన్న కూడా అనుకుంది, ఈ పొద్దు బస్సులో చెప్పలేకపోయినప్పుడు కూడా, పోనీలే, గేటుంది కదా అనుకుంది.

తలుపు తెరుచుకుంది. ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ. భాను ముందు, వాడి వెనక డాక్టరమ్మ, కళ్ళజోడు తీసి ముక్కు ఒత్తుకుంటూ. "ఇవాళా లేదమ్మా. పై గురువారం వాళ్ళ నాన్నను తీసుకురండి, తప్పకుండా. వార్డులో పనుంది" అని చీటీ చేతిలో పెట్టి అవతలి ద్వారం వైపు వెళ్ళిపోయింది. పైట చెంగు ఎగురుతూ మలుపు తిరిగింది. భాను వచ్చి గూడూరు ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చంద్రగిరి వస్తుంది, పూతలపట్టు వస్తుంది, ఆర్చి వస్తుంది, ఇల్లు వస్తుంది. వరదమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. కూడదీసుకున్న మాట అంతా చెదిరిపోయింది, దొరికినంత చెప్పింది.

"భానూ, ఆ పొద్దు నువ్వు సెప్పిన మాట నీది కాదురా. నాది. ఆ ఒట్టు నా మింద ఏసుకుంటా. నీ మనసులో ఏముంటే అది సెప్పు నాయనా, ఆ డాక్టరమ్మకి సెప్పు, నాకు సెప్పు. సెప్తే ఎవురికీ ఏమీ కాదు. మీ నాయనకి ఏమీ కాదు."

చీపురు మనిషి మళ్ళీ వచ్చింది, వాళ్ళు కాళ్ళెత్తారు, దించారు.

"నోట పలకల్యా గానీ అవ్వా" అన్నాడు. నాలుగు నెలలుగా వాడీ వాడని గొంతు, తుప్పుపట్టినట్టుంది. "తలవను అని గూడా అన్యా గదా. తలస్తానే ఉండా. తలవకూడదు అనుకునేకొద్దీ వస్తాంది. రోజూ ఒట్టు తప్పతానే ఉండా. రోజూ నాయన పొద్దున పోతాడు, నేను తప్పతా, ఇంక రాడనుకుంటా. గేటు కాడికి పోయి సూస్తా ఉంటా."

ఆమె చెయ్యి వాడి చేతి మీదే ఉంది. తీయాలో ఉంచాలో తెలియలేదు. గేటు. వాన. బాలసుబ్రమణ్యం చాచిన వేలు. దువ్వుకున్న తల. నూటపాతిక సాయంత్రాలు ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళముందు వెల్లకిలా తిరగబడ్డాయి. ఒక్కసారిగా లేచి తలుపు తోసింది, లోపల ఖాళీ కుర్చీలు, చీటీల మనిషి "ఒంటిగంటయిపాయ పెద్దమ్మా, పై గురువారం రా" అని లైటు ఆపేశాడు. పై గురువారం. మధ్యలో ఆరు సాయంత్రాలు, ఈ పొద్దుది కలిపితే ఏడు.

"ఆరు లోపల ఇల్లు చేరతామా అవ్వా?" అన్నాడు వాడు.

"చేరతాం నాయనా. ఉండు. ఇప్పుడే, ఈడనే, మీ నాయన గొంతు వినిపిస్తా నీకు." సంచిలో చెయ్యి పెట్టి ఇడ్లీల డబ్బా కింద నుంచి ఫోను లాగింది, కొడుకు పేరు చదివి నొక్కింది. ఫ్యాక్టరీలో సీజను రోజుల్లో ఫోన్లు గేటు దగ్గరే డబ్బాలో వేయించుకుంటారని, సాయంత్రం దాకా ఎవరూ ఎత్తరని, నొక్కాక గుర్తొచ్చింది. తీసేయబోయింది. వాడు అప్పటికే ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, ఆమె చెవి దగ్గరున్న ఫోను వైపు చూస్తున్నాడు, గేటు దగ్గర నిలబడి మలుపు వైపు చూసినట్టే. అవతల రింగవుతూనే ఉంది.